పులికాట్ బురద చెప్పే పాఠం

భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ జీవజాతులు పెరుగుతాయి, ధ్రువాల వైపు పోయే కొద్దీ తగ్గుతాయి. జువాలజీ విద్యార్థులందరం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకునే వాక్యమిది. చెట్లకూ పక్షులకూ ఇది చాలావరకు నిజమే. మరి మన కాలికింది మట్టిలో, బురదలో బతికే పురుగుల మాటేమిటి?

అక్కడ ఈ సూత్రం తడబడుతుంది. ప్రపంచంలోని వానపాముల లెక్కలను 2019లో ఒకచోట చేర్చి చూస్తే, ఒక్కో చోట దొరికే జాతులు ఉష్ణమండలంలో కంటె సమశీతోష్ణ దేశాల్లోనే ఎక్కువని తేలింది. సముద్రపు బురద సంగతి ఇంకా చిక్కు. అందులో దాగి బతికే జీవజాతుల సంఖ్య చలి దేశాల్లోనూ, వేడి దేశాల్లోనూ ఇంచుమించు ఒకటేనని డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు థోర్సన్ 1957లో అన్నాడు. 1968లో అమెరికా శాస్త్రజ్ఞుడు శాండర్స్ పాలీకీట్ పురుగులనూ, ఆల్చిప్పలనూ ఎంచుకుని, మన బంగాళాఖాతపు బురదను చలిసముద్రాల బురదతో పోల్చి, కాదు, ఇక్కడే జాతులెక్కువ అన్నాడు. అయితే ఆయనే ఇంకో మాట కూడా చెప్పాడు: పరిసరాలు నిలకడగా ఉన్నచోటే జాతులు పెరుగుతాయి, ఒడిదుడుకులున్నచోట తట్టుకోగలిగిన కొన్నే మిగులుతాయి అని.

ఈ రెండో మాటే మనకు ముఖ్యం. గూడూరులో రైలెక్కి సూళ్ళూరుపేటలో దిగితే పులికాట్ సరస్సు. అది ఉన్నది పదమూడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. అక్షాంశాన్ని అడిగితే జాతులు బోలెడు ఉండాలంటుంది. నీటిని అడిగితే వేరే జవాబు చెబుతుంది. ఈశాన్య ఋతుపవనాల్లో కాళంగి, ఆరణి నదుల మంచినీరు వచ్చి పడుతుంది. ఎండాకాలంలో ఉప్పు సముద్రాన్ని మించిపోతుంది, ఉత్తర భాగం ఎండి నెర్రెలు విచ్చుతుంది. పైగా ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడిపోతుంటాయి. ఇన్ని తట్టుకునే పురుగే అక్కడ బతుకుతుంది. కాబట్టి పులికాట్ బురదను పాలించేది అక్షాంశం ఒక్కటే కాదు. ఉప్పు, వాన, సముద్రపు దారి కూడా. చిలకలో 2000 సంవత్సరంలో కొత్త ముఖద్వారం తవ్వాక ఆ సరస్సు ఉప్పదనమే మారిపోయింది. అక్షాంశం మాత్రం అంగుళం కదల్లేదు కదా!

"పురుగుల లెక్కతో మాకేం పని, ఉద్యోగం వస్తుందా?" అనే మిత్రులుంటారు. రొయ్యలూ, పీతలూ, చేపలూ తినేది ఈ పురుగులనే. పొడుగు ముక్కుతో బురద గుచ్చే వలస పిట్టలు వచ్చేదీ వీటికోసమే. బొరియలు తవ్వి బురద లోపలికి గాలి పంపేవీ ఇవే. ఇవి తగ్గితే ముందుగా తగ్గేది పల్లెకారుల వల బరువు. హేచరీల్లో తల్లి రొయ్యల మేతకని ఈ పురుగులను తవ్వి అమ్మడం కూడా ఉంది. ఎన్ని ఉన్నాయో ఏటేటా లెక్క లేనప్పుడు, ఎన్ని పోయాయో ఎవరు చెబుతారు?

అందుకే నా సూచన. మన తూర్పు తీరమే ఒక ప్రయోగశాల. పులికాట్, కృష్ణా మడ అడవులు, కోరింగ, ఆపైన ఒడిశా చిలక. ఒకే సముద్రం, ఆరు డిగ్రీల అక్షాంశం. పులికాట్‌లో మూడు చోట్లు ఎంచుకుందాం. అది పక్షుల అభయారణ్యం గనుక అటవీశాఖ అనుమతి తీసుకుందాం. వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి, ఒకే కొలత బురద తీసి, అర మిల్లీమీటరు జల్లెడ పట్టి, పురుగులను లెక్కపెట్టి, నీటి ఉప్పు రాసుకుందాం. మిగతా మూడు చోట్ల కాలేజీలను కూడా ఇదే పద్ధతిలో చేయమని అడుగుదాం. అప్పుడే అక్షాంశం వల్ల వచ్చే తేడా ఎంతో, ఉప్పు వల్ల వచ్చే తేడా ఎంతో విడదీసి చెప్పగలం.

దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు. కావలసింది ఏడాది తరువాత ఏడాది అదే చోటికి వెళ్ళే ఓపిక. అధ్యాపకులు దారి చూపాలి, పూర్వ విద్యార్థులు ఖర్చులకు చేయి కలపాలి, బురదలో దిగే పని మనది. ఎవరో ఎక్కడో రాసిన సూత్రాన్ని వల్లె వేయడం చదువే కావచ్చు. మన వాకిట్లో అది ఎంతవరకు చెల్లుతుందో తేల్చుకోవడమే శాస్త్రం.