బెలూగా చెవికి ఓడల రొద

పుంగ్గోల్ పాయింట్ జెట్టీ మీద నిలబడితే ఎదురుగా జొహోర్ జలసంధి, ఆవలి ఒడ్డున మలేసియా వారి పసిర్ గుడాంగ్ రేవు. వచ్చేపోయే ఓడలు. అక్కడికి షికారుకొచ్చే మన తెలుగువాళ్ళలో షిప్పింగ్, లాజిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళూ ఉంటారు. వాళ్ళకోసమే ఉత్తర ధ్రువం దగ్గర బతికే ఒక తెల్ల తిమింగలం సంగతి ఎత్తుకుంటున్నాను. సంబంధమేమిటంటారా? వస్తున్నా.

బెలూగా పుట్టినప్పుడు బూడిదరంగులో ఉండి, పెరిగేకొద్దీ తెల్లబడుతుంది. వీపు మీద రెక్క ఉండదు. మంచు పలకల కింద ఈదే జంతువుకు అది అడ్డమే కదా! అన్నిటికన్నా విశేషం దాని గొంతు. ఈలలూ కిచకిచలూ విని పూర్వం నావికులు దాన్ని సముద్రపు కెనరీ పిట్ట అనేవారు. శీతాకాలమంతా చీకటి, పైన మంచు కప్పు. అక్కడ చెవులే ఆధారం. టకటకమని శబ్దం వదిలి, ప్రతిధ్వనిని బట్టి చేప ఎక్కడుందో, ఊపిరి పీల్చుకోవడానికి మంచులో సందు ఎక్కడుందో కనిపెడుతుంది. మన భాషలో చెప్పాలంటే సోనార్, సిగ్నల్ ప్రాసెసింగ్ రెండూ ఒంట్లోనే ఉన్నాయి. తల్లీపిల్లా పిలుచుకునేదీ శబ్దంతోనే.

ఆ ఛానెల్లోకే మన ఓడలు రొద పంపుతున్నాయి. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది, గాలిలో కన్నా నాలుగు రెట్లు పైనే. 1980లలో కెనడా ఉత్తరాన లాంకాస్టర్ సౌండ్‌లో శాస్త్రజ్ఞులు గమనించిందేమిటంటే, ఐస్‌బ్రేకర్ ఇంకా 35-50 కిలోమీటర్ల దూరంలో ఉండగానే బెలూగాలు బెదిరాయి, 80 కిలోమీటర్ల దాకా పారిపోయాయి. సింగపూర్ ద్వీపం పొడవే దాదాపు 50 కిలోమీటర్లు. తువాస్‌లో లారీ స్టార్ట్ చేస్తే చాంగీలో వాళ్ళు ఇల్లు వదిలి పరిగెత్తినట్టు! సెయింట్ లారెన్స్ నదీముఖంలోని బెలూగాల మీద 2021లో వచ్చిన పరిశోధన ఇంకా బాధ కలిగిస్తుంది. అప్పుడే పుట్టిన పిల్ల గొంతు చాలా సన్నం. ఓడల రొదలో అది తల్లికి వినపడే దూరం మరీ తగ్గిపోతుందట.

ఇక సింగపూర్ సంగతి. 2008లోనే ఇక్కడి కెప్పెల్ యార్డు రష్యా లుకాయిల్ కంపెనీకి ఐస్‌బ్రేకర్లు కట్టి ఇచ్చింది. 2013లో సింగపూర్, మన ఇండియా కలిసే ఆర్కిటిక్ కౌన్సిల్‌లో పరిశీలక దేశాలయ్యాయి. మంచు కరిగేకొద్దీ రష్యా తీరం వెంబడి పోయే దారి మీద అందరికీ కన్నుంది.

నిశ్శబ్దంగా పోయే ఓడ మనిషికి చేతకాని పనా? ప్రొపెల్లర్ జోరుగా తిరిగినప్పుడు నీటిలో బుడగలు పుట్టి పగిలే చప్పుడే ఈ రొదలో పెద్ద వాటా. దాన్ని పరీక్షించే కావిటేషన్ టన్నెల్ మన విశాఖపట్నంలోని నేవీ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లోనే ఉంది. శత్రువుకు వినపడకూడదంటే డబ్బు దొరుకుతుంది. వాణిజ్య ఓడలకు అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2023లో సవరించింది. పాటిస్తే పాటించవచ్చు, లేకపోతే లేదు!

ఈలోగా మన చేతిలో పని లేకపోలేదు. ఓడ దారిని లెక్కగట్టే ప్రోగ్రాముల్లో ఇంధనం, సమయం, వాతావరణం ఉంటాయి, రొద సాధారణంగా ఉండదు. డేటాకి కరువా? పెద్ద ఓడలన్నీ ఏఐఎస్ ద్వారా తాము ఎక్కడున్నదీ, ఎంత వేగంతో పోతున్నదీ చెబుతూనే ఉంటాయి. వాంకూవర్ రేవు వాళ్ళు 2017లో ఓర్కాల కోసం ఓడలను వేగం తగ్గించమని కోరారు. నీటిలో మైకులు పెట్టి కొలిస్తే రొద నిజంగానే తగ్గింది. ఆలస్యమైతే ఖర్చవుతుంది, నిజమే. కానీ ఏడాది పొడవునా అక్కర్లేదు. హడ్సన్ బేలో చర్చిల్ నదీముఖం లాంటి చోట్లకు బెలూగాలు వేసవిలోనే గుమిగూడతాయి. ఆ గడులకు, ఆ కొద్ది వారాలకు పెనాల్టీ పెడితే చాలు. క్లయింటు అడగలేదంటారా? డిజైన్ మీటింగులో మనమే ఆ మాట ఎత్తవచ్చు.