టెండరు తిరస్కరణ తలరాత కాదు

రుణాల కోసం, రాయితీల కోసం మనం రోడ్డెక్కుతాం. మన చిన్న కాంట్రాక్టరు టెండరును సాంకేతిక అర్హత దశలోనే పక్కన పెడితే మాత్రం ‘నసీబ్’ అని ఊరుకుంటాం. అది నసీబ్ కాదు. ప్రశ్నించవలసిన ప్రభుత్వ నిర్ణయం.

2012 నాటి విధానం ప్రకారం కేంద్ర శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి చేయాలి. కారణం అడిగిన బిడ్డరుకు తిరస్కరణ కారణం చెప్పి తీరాలని 2017 నాటి కేంద్ర సాధారణ ఆర్థిక నియమాలు శాసిస్తున్నాయి. అడిగేవారేరి?

కాంట్రాక్టు ఎవరికి దక్కాలో న్యాయస్థానం తేల్చదు. నిర్ణయ ప్రక్రియ సక్రమంగా సాగిందా అనేదే చూస్తుందని టాటా సెల్యులార్ కేసులో సుప్రీంకోర్టు 1994లోనే స్పష్టం చేసింది. కనుక ‘అన్యాయం జరిగింది’ అనే గోడు చాలదు. ఉల్లంఘించిన నిబంధన ఏదో, ఏ తేదీనో పత్రాలతో చూపాలి. అదీ వెంటనే. పని మొదలయ్యాక దానిని ఆపడానికి కోర్టులు వెనుకాడతాయి.

ముస్లింలకు కాంట్రాక్టులలో 4 శాతం కేటాయించే బిల్లును కర్ణాటక చట్టసభలు 2025లో ఆమోదించగా, గవర్నరు దానిని రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. వాటా కోసం పోరాడదాం. అయితే ఉన్న హక్కునే నిలుపుకోలేనివారికి రేపటి వాటా నిలుస్తుందా?

సభలకు వెచ్చించే సొమ్ములో కొంత తీసి, ప్రతి జిల్లాలో టెండరు న్యాయ సహాయ కేంద్రం నెలకొల్పుదాం. మైనారిటీ ఆర్థిక సంస్థలు రుణంతోపాటు న్యాయవాది ఖర్చునూ భరించాలని నిలదీద్దాం. మనం అడుగుతున్నది దయ కాదు, నిబంధనల అమలు.