నీతి పాఠం విలేకరికి, టార్గెట్ కూడా విలేకరికే

జర్నలిజం విద్యార్థులకు చెప్పే నీతి పాఠాలు చాలావరకు విలేకరి మనస్సాక్షి చుట్టూనే తిరుగుతాయి. కానుకలు పుచ్చుకోవద్దు, ఆరోపణ రాసేముందు అవతలివారి వివరణ అడగాలి, అత్యాచార బాధితురాలి ఆనవాలు బయటపెట్టొద్దు. ఇందులో కాదనదగింది ఒక్కటీ లేదు. అయితే నెల జీతం, వెనక ఒక సంపాదకుడి అండ ఉన్న విలేకరిని ఊహించుకుని రాసిన పాఠమిది. అలాంటివాడు తెలుగు మండలాల్లో అరుదు. 1989లో ‘ఈనాడు’ జిల్లా టాబ్లాయిడ్లు మొదలుపెట్టి, మిగతా పత్రికలూ అదే బాట పట్టాక ఊరి వార్తకు చోటు దొరికింది. పాఠకుడికి అది నిజమైన మేలే. ఆ పేజీలు నింపింది మాత్రం ఎక్కువగా కంట్రిబ్యూటర్లు. వారికి జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంటు, తెచ్చిన ప్రకటన మీద కమిషను, జేబులో గుర్తింపు కార్డు, అంతే. పంద్రాగస్టుకీ సంక్రాంతికీ నాయకుడి పుట్టినరోజుకీ ఇన్ని శుభాకాంక్షల ప్రకటనలు తేవాలన్న టార్గెట్ వేరే. ప్రైవేటు బడి యజమాని, రేషన్ డీలరు, కాంట్రాక్టరు, సర్పంచి... ఎవరి మీద వార్త రాయాలో వారి గుమ్మంలోనే ప్రకటన కోసం నిలబడాలి. అక్కడ కూడా తడబడని కలాలు ఉన్నాయి. అది ఆ మనుషుల గొప్పతనం, ఆ ఏర్పాటుది కాదు.

ఇది ఎక్కడికి దారితీస్తుందో 2009 ఎన్నికలు చూపించాయి. అభ్యర్థుల నుంచి డబ్బు తీసుకుని పొగడ్తలను వార్తలుగా అచ్చువేసిన తీరుపై ముందుగా గొంతెత్తినవారిలో ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘం ఒకటి. పశ్చిమగోదావరి జిల్లాలో నమూనా సర్వే కూడా జరిపింది. తర్వాత ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం సభ్యులు పరంజయ్ గుహ ఠాకుర్తా, కె.శ్రీనివాస్ రెడ్డి పత్రికల పేర్లతో సహా 71 పేజీల నివేదిక ఇచ్చారు. 2010లో కౌన్సిల్ దాన్ని పక్కనపెట్టి, పేర్లు లేని పొట్టి నివేదిక విడుదల చేసింది. పూర్తి పాఠం బయటికి రావడానికి కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావలసివచ్చింది. విలేకరులకు ప్రవర్తనా నియమావళి రాసిచ్చే సంస్థే పేర్లు చెప్పడానికి జంకింది మరి! ఎన్నికల ప్యాకేజీలను మండల విలేకరి సొంతంగా అమ్మగలిగేవాడు కాదు. ఊళ్లో చిల్లరగా సాగిన బేరమే పైస్థాయిలో టోకుగా మారింది.

పేదరికం తప్పుకు లైసెన్సా అని అడిగేవారున్నారు. కాదు. బెదిరించి వసూలు చేసేవాడిని ఎవరూ వెనకేసుకు రానక్కర్లేదు. ఇంతకన్నా బలమైన అభ్యంతరం టీవీ స్టూడియోల నుంచి వస్తుంది. 2018లో శ్రీదేవి మరణాన్ని స్నానపు తొట్టెలో దిగి మరీ చూపించిన ఘనత ఒక తెలుగు ఛానల్‌ది. సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ మృతిపై స్టూడియోల్లో విచారణ నడిపి, 2021 జనవరిలో బాంబే హైకోర్టు ఆక్షేపణకు గురైనవారికి కూటికి లోటేమీ లేదు. జీతం పెరిగితే నీతి దానంతటదే రాదని ఒప్పుకోవాల్సిందే. కానీ అక్కడ నడిపిస్తున్నదీ టార్గెట్టే, కాకపోతే దాని పేరు టీఆర్పీ. లెక్క అడిగేవారు తెర వెనక ఉంటారు, తిట్లు తినేవారు తెర మీద ఉంటారు. ఇక ప్రకటనలు లేకుండా పత్రిక నడవదన్న వాదన. నిజమే, ప్రకటనలు వద్దని ఎవరూ అనడం లేదు. రాసే మనిషి, అడిగే మనిషి ఒకరే కాకూడదు. దానికి ఖర్చవుతుంది, కొన్ని జిల్లా పేజీలు తగ్గినా తగ్గవచ్చు. వార్తను తాకట్టు పెట్టి నింపే పేజీల కన్నా ఆ లోటే నయం.

చట్టం ఇప్పటిదాకా డబ్బిచ్చినవారినే పట్టుకుంది. పెయిడ్ న్యూస్ ఖర్చును లెక్కలో చూపనందుకు ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌ను 2011 అక్టోబరులో ఎన్నికల సంఘం మూడేళ్లపాటు అనర్హురాలిగా ప్రకటించింది. పుచ్చుకున్న పత్రికల విషయంలో 1978 నాటి చట్టం ప్రెస్ కౌన్సిల్‌కు ఇచ్చిన అధికారం హెచ్చరించడం, మందలించడం, అభిశంసించడం వరకే. టీవీ దాని పరిధిలోకే రాదు. యజమాని, ముద్రాపకుడు, సంపాదకుల పేర్లతో ఏటా మార్చిలో ఒక ప్రకటన అచ్చువేయడం పత్రికలకు దశాబ్దాల అలవాటు. కంట్రిబ్యూటర్లు ఎందరు, వారికి ఆ ఏడాది చెల్లించింది ఎంత, వారి ద్వారా వచ్చిన ప్రకటనల ఆదాయం ఎంత అన్న మూడు వివరాలు అందులో చేర్చితే పత్రికా స్వేచ్ఛకు వచ్చే భంగమేమీ లేదు. పంచాయతీ జమాఖర్చులు బయటపెట్టమని రోజూ అడిగే పత్రికలకు ఈ మూడు అంకెలు కష్టం కాకూడదు.