యేసు చరిత్ర పురుషుడేనా? మన యౌవనస్థులకు జవాబు చెబుదాం

"యేసు అనే వ్యక్తే లేడు, అదంతా పౌలు అల్లిన కథ" అనే మాటలు ఫోన్లలో మన పల్లెలకూ చేరుతున్నాయి. మదనపల్లె, పుంగనూరు, రామసముద్రం సంఘాల్లోని యౌవనస్థులు ఈ ప్రశ్న అడిగితే "ప్రశ్నించకూడదు, నమ్మాలి" అని నోరు మూయించవద్దు. అలా చేస్తే ప్రశ్న పోదు, బిడ్డే సంఘానికి దూరమవుతాడు.

జవాబు మన చేతిలోని బైబిలులోనే ఉంది. గలతీ పత్రిక పౌలు రాసిందేనని విశ్వాసులు కాని పండితులు కూడా ఒప్పుకుంటారు. అందులో మొదటి అధ్యాయం చూడండి. తాను కేఫాతో పదిహేను రోజులు ఉన్నాననీ, ప్రభువు సహోదరుడైన యాకోబును చూశాననీ పౌలు చెబుతాడు. లేని మనిషికి సహోదరుడు ఎలా ఉంటాడు?

బయటి సాక్ష్యాలూ ఉన్నాయి. యూదు చరిత్రకారుడు జోసీఫస్ సుమారు క్రీ.శ. 93లో ఇదే యాకోబు మరణాన్ని రాశాడు. యేసును గూర్చి అతడు రాసిన మరో భాగంలో తర్వాతి క్రైస్తవులు మాటలు చేర్చారని పండితుల అభిప్రాయం. దాన్ని దాచనవసరం లేదు. రోమా చరిత్రకారుడు టాసిటస్ సుమారు 116లో, పిలాతు చేత క్రీస్తు మరణశిక్ష పొందాడని రాశాడు. పిలాతు పేరున్న రాయి 1961లో కైసరయలో దొరికింది. అపొస్తలుల కార్యములు 18లోని గల్లియో పేరు డెల్ఫీ శాసనంలో ఉంది. దాన్నిబట్టి పౌలు కొరింథులో ఉన్నది 51 ప్రాంతమని తెలుస్తోంది.

ఇవి పునరుత్థానాన్ని రుజువు చేయవు. అది విశ్వాసపు మాట. కానీ మన విశ్వాసం కట్టుకథ మీద నిలబడలేదని ఇవి చూపుతాయి.

ఇంకొకటి. వీరంతా యూదులే. యేసు సహోదరుడి పేరు, పితరుడి పేరు మన బైబిలులో ఒక్కటే: యాకోబు. ఇంగ్లీషు బైబిలులో రెండు వేరు పేర్లు కావడంతో ఆ సంబంధం కనబడదు. పౌలు బెన్యామీను గోత్రికుడు, పరిసయ్యుడు. అయినా కొన్ని ప్రసంగాల్లో "యూదులే క్రీస్తును చంపారు" అని జాతి మొత్తాన్ని నిందిస్తాం. సిలువ శిక్ష విధించింది రోమా అధిపతి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలున్నాయి. ఆ మాట వారి చెవినా పడుతుంది.

అడవి ఒలీవ కొమ్మలమైన మనం వేరును మోయడం లేదు, వేరే మనల్ని మోస్తోందని రోమా 11 గుర్తుచేస్తుంది. ఈ ఆదివారం యౌవనస్థుల కూటంలో గలతీ మొదటి అధ్యాయం తెరవండి. ప్రశ్నలు అడగనివ్వండి. సత్యానికి ప్రశ్నలంటే భయం లేదు.