చూసివచ్చిన ఊళ్ళు: వాషింగ్టన్‌లో నల్లరాయి గోడ

వేసవి సెలవులు వచ్చాయంటే మన ఇళ్ళలో రెండే ప్రయాణాలు. అయితే ఇండియా వెళ్ళడం, లేకపోతే ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళని నయాగరా తీసుకువెళ్ళడం. ఈ రెండూ లేని ఏడాది పిల్లల మాట నెగ్గుతుంది. అలా నెగ్గిన ఏడాది మేము రెండు కుటుంబాలవాళ్ళం కలిసి వాషింగ్టన్ వెళ్ళివచ్చాం. ఊరంతా రాయాలంటే ఈ పత్రిక చాలదు. అందుకని మాల్ అనే పచ్చికబయలు, దాని చుట్టుపక్కల ఉన్న స్మారకాల సంగతి మాత్రం చెబుతాం.

ముందు ఉపయోగపడే మాటలు. ఇక్కడ మాల్ అంటే దుకాణాల సముదాయం కాదు. కాపిటల్ భవనం నుంచి లింకన్ స్మారకం దాకా సుమారు రెండు మైళ్ళు పరచుకున్న మైదానం. కారు ఊరి బయట మెట్రో స్టేషన్లో వదిలి రైలెక్కడం సుఖం. స్మిత్‌సోనియన్ మ్యూజియాలకు గానీ, స్మారకాలకు గానీ ప్రవేశ రుసుము లేదు. వాషింగ్టన్ స్తంభం పైకి వెళ్ళడానికి మాత్రం ముందుగా టిక్కెట్టు సంపాదించుకోవాలి. మంచి జోళ్ళు వేసుకోండి. పులిహోర, పెరుగన్నం కట్టుకువెడితే చెట్టు నీడన కూర్చుని తినవచ్చు. ఆ విషయంలో ఆడవాళ్ళ ముందుచూపుకి మేమందరం కృతజ్ఞులం.

వాషింగ్టన్ స్తంభం ఎత్తు 555 అడుగులు. కిందనుంచి సుమారు 150 అడుగుల దగ్గర రాయి రంగు మారుతుంది. పిల్లలు వెంటనే పట్టేశారు. కారణం డబ్బు లేక 1854లో పని ఆగిపోవడం. ఆ రోజుల్లో వలస వచ్చినవాళ్ళన్నా, కాథలిక్కులన్నా గిట్టని నో-నథింగ్ అనే రాజకీయ పక్షం ఒకటి ఉండేది. స్తంభంలో పెట్టడానికి రోమునుంచి పోపు పంపిన రాయిని ఆ ఏడాదే ఎవరో ఎత్తుకుపోయారు. అది ఆ పక్షంవాళ్ళ పనే అన్నారు. తర్వాత స్తంభం కట్టించే సంఘం కూడా వాళ్ళ చేతిలో పడింది. చందాలు రాలేదు. ఇరవై ఏళ్ళకు పైగా మొండిగోడలా నిలబడి, చివరకు 1884లో పూర్తయింది. పరాయివాళ్ళ రాయి వద్దన్న ఊళ్ళోనే ఇంకో పరాయి రాయి కథ ఉంది. దాని దగ్గరకే వస్తున్నాం.

లింకన్ స్మారకం 1922లో ప్రారంభమైంది. చుట్టూ 36 స్తంభాలు. లింకన్ మరణించేనాటికి ఉన్న రాష్ట్రాల లెక్క అది. లోపల 19 అడుగుల పాలరాతి లింకన్ కూర్చుని ఉంటాడు. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించినది ఈ మెట్లమీదనే. ఉత్తరపు గోడమీద లింకన్ రెండవసారి పదవి స్వీకరించినప్పటి ఉపన్యాసం చెక్కారు. యుద్ధంలో గాయపడినవాణ్ణి, చనిపోయినవాడి భార్యాబిడ్డలని చూసుకోవాలన్న మాట అందులోదే. వెటరన్స్ శాఖ చాలా ఏళ్ళు దాన్నే తన ధ్యేయవాక్యంగా పెట్టుకుంది. మన డాక్టర్లలో చాలామంది రెసిడెన్సీలో కొంత భాగం వెటరన్స్ ఆసుపత్రుల్లో గడిపినవాళ్ళే. అక్కడ మనం మందులిచ్చింది తిరిగి వచ్చినవాళ్ళకి. తిరిగి రానివాళ్ళ పేర్లు ఆ మెట్లు దిగి ఎడమ చేతివైపు కాస్త నడిస్తే కనబడతాయి.

అదే వియత్నాం స్మారకం. ఎత్తయిన కట్టడం కోసం వెతికితే కనబడదు. నేల మెల్లగా పల్లమవుతూ ఉంటుంది. పక్కన నల్లరాతి గోడ మొదట చీలమండ దాకా, తర్వాత నడుము దాకా, చివరకు పదడుగుల ఎత్తుకి మన తలమీదుగా లేస్తుంది. రెండు గోడలు, ఒక్కొక్కటి సుమారు 247 అడుగులు, మధ్యలో కోణంగా కలుస్తాయి. వాటి నిండా 58 వేలకు పైగా పేర్లు. హోదాలు లేవు, ఊళ్ళు లేవు, అక్షరక్రమం లేదు. చనిపోయిన తేదీల వరస. 1959లో మొదలైన వరస మధ్య మూల నుంచి కుడివైపు చివరకు వెళ్ళి, ఎడమ చివర మళ్ళీ అందుకుని, 1975తో అదే మూలకు చేరుతుంది. మొదటివాళ్ళు, చివరివాళ్ళు పక్కపక్కనే ఉన్నారన్నమాట. పేరు పక్కన డైమండ్ గుర్తుంటే మరణం ఖాయమైనట్టు. శిలువ గుర్తుంటే ఆచూకీ తెలియనట్టు. అవశేషాలు దొరికితే శిలువని డైమండ్‌గా మారుస్తారు. పేర్లలో ఎనిమిది మంది స్త్రీలు. ఎనిమిది మందీ నర్సులే.

మాతో వచ్చిన మిత్రులు అక్కడ ఒక మాట అన్నారు. "మనకెందుకండీ ఇది? ఇందులో మనవాళ్ళు ఎవరున్నారు? పదండి, మ్యూజియం మూసేస్తారు." న్యాయమైన ప్రశ్నే. అదీగాక ఈ యుద్ధం ధర్మమా అధర్మమా అన్న వాదన ఈ దేశంలోనే తెగలేదు. వియత్నాం ప్రజలు లక్షల్లో చనిపోయారు. వాళ్ళ పేర్లు ఈ గోడమీద లేవు. అయినా ఆయనకి మేమిచ్చిన జవాబు ఇక్కడ రాస్తున్నాం. మీలోనూ కొందరు ఆ ప్రశ్న వేసుకుని ఉంటారు.

మొదటి సంగతి ఈ గోడని ఊహించిన మనిషి. 1981లో నమూనాల పోటీ పెడితే 1,421 వచ్చాయి. పేర్లు కనబడకుండా అంకెలు వేసి న్యాయనిర్ణేతల ముందు పెట్టారు. గెలిచింది మాయా లిన్ అనే 21 ఏళ్ళ పిల్ల. యేల్ విశ్వవిద్యాలయంలో ఇంకా చదువుకుంటోంది. తల్లిదండ్రులు చైనానుంచి వలస వచ్చి ఒహాయోలో ప్రొఫెసర్లుగా స్థిరపడినవాళ్ళు. పేరు బయటపడ్డాక గొడవ మొదలైంది. నల్లరాయేమిటి, గుంటలో పెట్టడమేమిటి, ఇది గౌరవమా అవమానమా అన్నారు. ఆమె పుట్టుకని కూడా ఎత్తిచూపారు. ఆమె గోడ మార్చడానికి ఒప్పుకోలేదు. గోడ 1982 నవంబరులో ప్రారంభమైంది. విమర్శకుల తృప్తికోసం ముగ్గురు సైనికుల కంచు విగ్రహం 1984లో కొంచెం దూరాన పెట్టారు. ఈనాడు జనం వచ్చి ఏడ్చేది గోడ దగ్గరే. వలస వచ్చినవాళ్ళ బిడ్డకి ఈ దేశపు దుఃఖం అర్థం కాదన్నవాళ్ళకి ఇంతకంటె జవాబు అక్కరలేదు.

రెండవ సంగతి రాయి. ఈ నల్ల గ్రానైటు బెంగుళూరు నుంచి వచ్చింది. వెర్మాంట్ రాష్ట్రంలో కోసి, నునుపు చేసి, టెనెసీలోని మెంఫిస్‌లో పేర్లు చెక్కి ఇక్కడికి తెచ్చారు. అద్దంలా మెరవాలని ఏరి తెచ్చిన రాయి అది. చదువుతుంటే పేర్ల వెనకాల మన ముఖాలే కనబడతాయి. ఆడవాళ్ళు చెయ్యి ఆనించి చూసి, "మన ఇంటి రుబ్బురోలు చలవే ఉంది" అన్నారు. పిల్లలు నవ్వారు గాని, మాట నిజమే. మనలాగే ఆ రాయి కూడా దక్షిణ దేశంలో పుట్టి, సముద్రం దాటి, ఇక్కడ సానపట్టించుకుని, ఇక్కడివాళ్ళ పనిలో కుదురుకుంది.

మూడవది కొంచెం బరువైన సంగతి. అమెరికా పదాతిసైన్యం పెద్దయెత్తున వియత్నాంలో దిగడం 1965 మార్చిలో, డా నాంగ్ దగ్గర మొదలైంది. ఆసియా వాళ్ళకి ఈ దేశపు తలుపులు తెరిచిన వలసచట్టం మీద జాన్సన్ అధ్యక్షుడు సంతకం చేసినది అదే ఏడాది అక్టోబరులో. ఒకే ఏడాది, ఒకే అధ్యక్షుడు. గుంటూరు, కాకినాడ, విశాఖ, హైదరాబాదు కాలేజీల డాక్టర్లు విమానం దిగుతున్న రోజుల్లోనే ఈ ఊళ్ళ కుర్రవాళ్ళు వేరే విమానం ఎక్కుతున్నారు. ఒకటి రెండవదానికి కారణమని మేము అనడం లేదు. కాని మన కథ మొదలైన పేజీకి వెనకవైపు ఈ గోడ ఉందని పిల్లలకి చెప్పాలి. 18 ఏళ్ళు నిండిన మగపిల్లల పేర్లు, పౌరులవే కాదు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళవి కూడా, సెలెక్టివ్ సర్వీసు జాబితాలో చేరాలన్న నియమం 1980లో తిరిగి వచ్చింది. నిర్బంధ సైనిక సేవ 1973లోనే ఆగిపోయిందన్నది నిజమే. కాని ఆ జాబితాలో మన ఇళ్ళ పేర్లున్నప్పుడు "మనకెందుకు" అనే వీలు లేదు.

గోడ నుంచి చెరువుకి అవతలి పక్క కొరియా స్మారకం. 1995లో కట్టారు. వానతొడుగులు వేసుకుని పొలంలో నడుస్తున్నట్టున్న 19 ఉక్కు సైనికులు. వాళ్ళ పక్కన నేలబారు రాతి గట్టుమీద దక్షిణ కొరియాకి సాయం చేసిన దేశాల పేర్లున్నాయి. అందులో ఇండియా పేరు వెతకండి. ఇండియా తుపాకులు పంపలేదు, డాక్టర్లని పంపింది. 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ అనే మన సైనిక వైద్యదళం 1950లో అక్కడికి వెళ్ళింది. నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టరు. 1951 మార్చిలో మున్సాన్ దగ్గర అమెరికన్ పారాచూట్ సైనికులతోపాటు ఆయన, మరికొందరు విమానంలోంచి దూకి గాయపడినవాళ్ళకి చికిత్స చేశారు. ఆయనకి మహావీరచక్ర ఇచ్చారు. మా మిత్రులు ఆ గట్టు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. మ్యూజియం మాట మళ్ళీ ఎత్తలేదు.

నది దాటితే ఆర్లింగ్టన్ శ్మశానం. అక్కడ అజ్ఞాత సైనికుల సమాధికి 1937 నుంచి రాత్రింబగళ్ళు కాపలా ఉంది. సైనికుడు 21 అడుగులు నడిచి, 21 సెకన్లు ఆగి, మళ్ళీ నడుస్తాడు. వియత్నాం యుద్ధపు అజ్ఞాత సైనికుణ్ణి 1984లో ఇక్కడ సమాధి చేశారు. 1998లో ఆ సమాధి తెరిచి, ఎముకలలోని మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.ని పరీక్షించారు. ఈ డి.ఎన్.ఏ. తల్లినుంచి మాత్రమే బిడ్డలకి వస్తుంది. ఒక తల్లి, ఆమె కూతురు ఇచ్చిన రక్తంతో అది సరిపోయింది. 1972లో విమానం కూలి మరణించిన మైకేల్ బ్లాసీ అని తేలింది. సొంత ఊరు సెయింట్ లూయిస్‌కి తీసుకువెళ్ళి మళ్ళీ సమాధి చేశారు. ఆర్లింగ్టన్‌లో ఆ చోటు ఖాళీగానే ఉంచారు. మన వైద్యశాస్త్రం చేసిన పనుల్లో, ఎవరినీ బతికించకపోయినా, ఇది గొప్పదే అనిపించింది.

చచ్చినవాళ్ళని రాతిమీద నిలపడం మనకి కొత్త కాదు. మన పల్లెల్లో వీరగల్లులున్నాయి. పల్నాడు కారెంపూడిలో వీరులకి ఏటా ఉత్సవం జరుగుతుంది. వీరగల్లు ఎవరో ఒకరి పరాక్రమాన్ని చెబుతుంది. వాషింగ్టన్ గోడ ఎవరి పరాక్రమమూ చెప్పదు, ఎంతమంది పోయారో చెబుతుంది. ఈ దేశంలో సంపాదించుకుని, ఇక్కడే పిల్లల్ని పెంచుతున్న మనం ఆ లెక్క ఒకసారి నిలబడి చదవడం మర్యాద. పౌరసత్వ పరీక్షకి బట్టీపట్టే ప్రశ్నల కంటె అది ఎక్కువ నేర్పుతుంది.

వెళ్ళేవాళ్ళకి చివరి సలహా. ఫోటోలకి లింకన్ మెట్లు చాలు, గోడ దగ్గర కెమెరా లోపల పెట్టండి. గోడ చివర్లలో పేర్ల పుస్తకం ఉంటుంది. ఏ పేరు ఏ పలకమీద, ఏ వరసలో ఉందో అది చెబుతుంది. మీరు పనిచేసే ఊరివాళ్ళ పేరు ఒకటి ముందే తెలుసుకుని వెళ్ళి, పిల్లలచేత వెతికించండి. వాలంటీర్లుంటే కాగితం ఇస్తారు, పెన్సిలు రుద్ది ఆ పేరు ఇంటికి తెచ్చుకోవచ్చు. వేసవి మధ్యాహ్నాలు ఎండ మన రాజమండ్రిని తలపిస్తుంది కనుక సాయంత్రం వెళ్ళండి. చూసివచ్చినవారు మీకు తోచినది నాలుగు ముక్కలు రాసి పంపితే ఈ శీర్షికలోనే వేస్తాం.