బాట్లతోని తెలంగాణ రాదు

మొన్న కాన్ఫరెన్స్ కాల్‌ల ఒక తమ్ముడు లెక్క చెప్పిండు. బాట్ పెడితే నెల రోజులల్ల మన ట్విట్టర్ ఖాతాకు 20 వేల మంది ఫాలోవర్లు వస్తరట. "సమైక్యవాదులు చేస్తలేరా అన్నా?" అన్నడు. నలుగురు సై అన్నరు. నేను వద్దన్న. కారణం చెప్పనియ్యలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్న.

ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఇసొంటి స్క్రిప్టులు రాసుడే నా రోజు పని. "తెలంగాణ" అన్న మాట కనిపించిన ప్రతి ఖాతాను బాట్ ఫాలో కొడుతది. వాళ్లు తిరిగి ఫాలో కాకుంటే మూడు రోజులకు తీసేస్తది. నడుమ నడుమ ఒక రెడీమేడ్ జవాబు పడేస్తది. ట్విట్టర్ నిబంధనల ప్రకారం ఇట్ల మందలు మందలుగ ఫాలో కొట్టుడు నిషిద్ధం. 2012ల అయితే 2 వేలు దాటినంక మనల్ని ఫాలో అయ్యేటోళ్ల సంఖ్యను బట్టే ముందుకు పోనిచ్చేది. పట్టుబడితే ఖాతా మొత్తం బంద్. 2011 మార్చి 10న, మిలియన్ మార్చ్ నాడు ట్యాంక్‌బండ్ మీదికెళ్లి మనోళ్లు పంపిన ఫోటోలన్నీ అండ్లనే ఉన్నయి. వేరే కాపీ ఎవరి దగ్గరున్నదో చెప్పుండ్రి చూద్దాం. పైగా బాట్‌కు పాస్‌వర్డ్ ఇయ్యాలె. ముక్కూ మొఖం తెల్వనోని సర్వర్ల మన తాళంచెవి పెట్టుడన్న మాట.

సరే, ఖాతా పోతే ఇంకోటి తెరుస్తం. పరువు పోతే? 2012 జూలైల ఇక్కడ రామ్నీ ఖాతాకు ఒక్క రోజుల లక్షకు పైగా ఫాలోవర్లు పెరిగిన్రు. మేం కొనలేదని ఆయన మనుషులు మొత్తుకున్నరు. అయినా జనం నవ్వుడు ఆపలే. ఆయనకైతే అది ఒక జోకు. మనకు? "ఇది ప్రజల ఉద్యమం కాదు, నలుగురు నాయకులు లేపిన లొల్లి" అని ఢిల్లీల చెప్పేటోళ్లకు సాక్ష్యం మనమే రాసిచ్చినట్టు. సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. బొగ్గుబాయి దిగని సింగరేణి కార్మికుడు, బస్సు తియ్యని ఆర్టీసీ డ్రైవరు ఎవరూ బాట్లు కారు. 2012 సెప్టెంబర్ 30న టియర్ గ్యాస్ నడుమ నెక్లెస్ రోడ్డుకు చేరినోళ్ల పక్కన మనం 20 వేల దొంగ పేర్లు నిలబెడుదమా?

ఇంకో సంగతి. కాల్‌ల ఇది ఎవరూ ఎత్తలే. నిరుడు మన దోస్తులే కొందరు ఈ బాట్ నడిపిన్రు. రాష్ట్రం కోసం ప్రాణమిడిసిన ఒక పిలగాని గురించి వాళ్లన్న ఒక ట్వీట్ పెట్టిండు. అండ్ల "తెలంగాణ" అన్న మాట ఉన్నది గద, దాని కింద టక్కున జవాబు పడ్డది: "జై తెలంగాణ! మమ్మల్ని ఫాలో కండి". పక్కన ఒక నవ్వు మొఖం బొమ్మ. "మీరు మనుషులేనా?" అని ఆయన అడిగిండు. బాట్ పెట్టినోళ్లకు ఇక్కడ అర్ధరాత్రి, నిద్రల ఉన్నరు. జవాబు చెప్పెటోడు లేడు. పొద్దున లేచి ట్వీట్ తుడిచేసిన్రు, క్షమాపణ కూడ చెప్పలే.

ఇయ్యాల మన ఖాతాకు 1,100 మంది ఉన్నరు. సగం మంది నాకు పేర్లతోని తెలుసు. ధర్నా ఉన్నదంటే లీవు పెట్టి వచ్చేటోళ్లు.

ఆదివారం మళ్ల ఓటింగ్ పెడుతరట. పెట్టుకోండ్రి. పాస్‌వర్డ్ నా దగ్గరున్నది, ఇయ్య.