భద్రాచలం మీద కూడా మంచు పుడుతుంది

మంచు అనగానే మనకు హిమాలయాలే గుర్తొస్తాయి. కానీ వానాకాలంలో భద్రాచలం పైన మేఘాల్లోనూ మంచు ఉంటుంది. సుమారు 5 కిలోమీటర్ల ఎత్తు దాటితే ఉష్ణోగ్రత సున్నా కంటే దిగిపోతుంది. అక్కడ పుట్టిన మంచు పలుకులు కిందికి వస్తూ కరిగి, వానై పడతాయి. అందుకే కొండల్లో హిమపాతాన్ని లెక్కగట్టే ప్రాంతీయ వాతావరణ మోడల్స్‌తో మనకేం పని అంటే నేను ఒప్పుకోను.

మోడల్ భూమిని గళ్లుగా విడగొడుతుంది. గడి పొడవు, వెడల్పు 25 కిలోమీటర్లయితే, 625 చదరపు కిలోమీటర్లకు ఒకటే ఎత్తు. హిమాలయాల్లో శిఖరం, లోయ కలిసి సగటైపోతాయి. మంచు పడాల్సిన చోట వాన అని లెక్క రావచ్చు. మన పాపికొండలూ ఆ సగటులోనే కుంగిపోతాయి. కొండ తగ్గితే, దాన్ని ఎక్కి మేఘమయ్యే గాలి కూడా లెక్కలో తగ్గుతుంది.

"గోదావరికి హెచ్చరికలు వస్తున్నాయి కదా" అనొచ్చు. నిజమే. భద్రాచలంలో 43, 48, 53 అడుగులకు మూడు హెచ్చరికలున్నాయి. 2022 జులైలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. అయినా అది పెద్ద నది. పైన ప్రాణహిత, ఇంద్రావతుల్లో నీళ్లు కొలిచి కింద చెప్పొచ్చు. వాగుకు ఆ వీల్లేదు. 2024 జులైలో అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ సెప్టెంబర్ 1న మున్నేరు ఖమ్మం కాలనీల్లోకి వచ్చేసింది. ఇలాంటి చోట్ల చేతిలో ఉండేది కొన్ని గంటలే. నీళ్లను కాదు, వాననే ముందు లెక్కగట్టాలి.

అలాగని గడి చిన్నదైతే చాలు అనను. 3 కిలోమీటర్ల గడి కొండను బాగా చూపిస్తుంది. కానీ మేఘంలో మంచు ఎంత, అది ఎక్కడ కరుగుతుంది అనే లెక్క తప్పితే వాన పక్క వాగులో పడినట్టు చూపిస్తుంది. ఆ తప్పు పట్టుకోవాలంటే అడవిలో వానమాపకాలు కావాలి. నా లెక్కలో ఖరీదైన కంప్యూటర్ కంటే ముందు కావాల్సింది అవే.

మనమూ ఒక పని చేయొచ్చు. డబ్ల్యూఆర్‌ఎఫ్ మోడల్ ఉచితం. ఫైనలియర్ ప్రాజెక్టుకి ఎక్కడిదో డేటాసెట్ వెతికే బదులు, 2024 నాటి ఆ రెండు వానల్ని తీసుకుందాం. సీఎస్ఈ వాళ్లు 9, 3 కిలోమీటర్ల గళ్లతో రన్ చేయాలి. సివిల్ వాళ్లు ఆ వానను వాగు నీళ్లుగా మార్చాలి. వచ్చినదాన్ని మండలాల వర్షపాతంతో పోల్చి, తప్పులతో సహా రాయాలి.

రంగుల మ్యాపులు ఎన్నైనా వేయొచ్చు. ఈ రాత్రి గూడెం వాళ్లు చప్టా దాటొచ్చా లేదా అన్నది చెప్పగలిగితేనే అది మన మోడల్.